తడబడు బొమ్మ – దాని నిదానము

2025వ సంవత్సరము కార్తికమాసమున మా యింటి లాప్‌టాపునకు విండోస్ 10 తీసివేయించి విండోస్ 11 వేయించితిమి. వేయించిన నాటినుండియు దానిలో వీడియోలు సరిగా నాడుట మానినవి. మాట ముందు పోవును, బొమ్మ వెనుక వచ్చును. మనుష్యులు నడచుటకు బదులు గెంతుదురు. పాఠము చెప్పు మాష్టారు బోర్డుపై గీయుచున్న గీత సగములో నిలిచిపోయి, అంతలో పటమంతయు నొక్కసారిగ ప్రత్యక్షమగును. రమారమి మూడు వారములు మేము దీనితో పడిన పాట్లును, తుదకు కనుగొన్న కారణమును ఇచట వ్రాయుచున్నాము. ఇట్టి చిక్కు పెక్కు గృహములందు కలదని మా బంధువుల వలన వినుచున్నాము. దీనికి విరుగుడు క్రొత్త లాప్‌టాపు కొనుటయే యని వారిలో ననేకుల తలంపు.

మాది 2019లో కొన్న యంత్రము. మా వారు పాఠశాలలో ఉపాధ్యాయులు. ప్రశ్నపత్రములు టైపు చేసికొనుటకని తొలుత దానిని తెచ్చిరి. 2020లో బడులు మూతపడినపుడు అది మా యింట బడియే యైనది. ఇపుడు పదవ తరగతి చదువుచున్న మా అమ్మాయి పాఠములకు దానినే ఆశ్రయించియున్నది. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10నకు మైక్రోసాఫ్టువారి ఆదరణకాలము ముగిసినది. అనగా ఆ దినముతో పాత లాప్‌టాపులన్నియు నిలిచిపోవునని కాదు. దొంగలు కన్నము వేయదగిన తావులు క్రొత్తగా బయటపడినపుడు వానిని పూడ్చి పంపు సవరణలు మునుపటివలె రావని యర్థము. బ్యాంకు పనులు కూడ ఆ యంత్రముననే చేసికొనువారము గనుక మార్చుటయే మేలని మా వారు నిశ్చయించిరి. ఇంటెల్ చిప్పులలో సామాన్యముగ ఎనిమిదవ తరము మొదలుకొని విండోస్ 11నకు అర్హములు. మాది సరిగా ఎనిమిదవ తరముదే యగుటచేత గడప దాటగలిగితిమి.

పట్టణమున నొక దుకాణమునకు తీసికొనిపోగా, వారు మా దస్త్రములన్నిటిని వేరొక చోట దాచి, యంత్రమును నిశ్శేషముగ తుడిచి, పెన్‌డ్రైవు నుండి క్రొత్త విండోసు ఎక్కించి, దస్త్రములను మరల నందుంచి యిచ్చిరి.

ఆ దస్త్రములలో నొకటి మాకు ప్రాణసమానము. మేము బడికి పోయి చదివినది స్వల్పము. కావ్యములును పురాణములును మా నాన్నగారు వీధియరుగుపై కూర్చుండబెట్టుకొని చెప్పినవే. వారు గతించుటకు కొన్ని నెలలు ముందు, ఒక సాయంకాలము భాగవతము చదివి అర్థము చెప్పుచుండగా మా తమ్ముడు తన ఫోనుతో ఇరువది నిమిషముల వీడియో తీసెను. పిమ్మట ఆ ఫోను రైలులో పోయినది. మిగిలిన ప్రతి మా లాప్‌టాపులోనిది యొక్కటియే. మార్గశిరమున నాన్నగారి తొలి ఆబ్దికము. కన్నుల శుక్లములచే చూపు మందగించినందున మా అమ్మకు ఫోను తెర ఆనదు. ఆబ్దికమునకు వచ్చినపుడు ఆ వీడియోను టీవీ తెరపై పెద్దదిగా చూపెదమని ఆమెకు మాట యిచ్చియుంటిమి. దుకాణము నుండి వచ్చిన రాత్రి దానిని తెరచి చూడగా నాన్నగారి గొంతు వినబడెను గాని తెర నల్లగా నుండెను. ఆ రాత్రి మాకు నిద్ర లేదు.

మరునాడు అందరును తలకొక మాట చెప్పిరి. సిగ్నలు లేదని మా అత్తగారు. యంత్రమునకు వయసు మళ్ళినదని మా వారు. దుకాణమునకు ఫోను చేయగా, “అంత పాత దానిపై క్రొత్తది నడవదమ్మా, వేరే తీసికొనుడు” అని యొక ధర చెప్పిరి. అది నలువదియైదు వేలకు పైమాట. మా అమ్మాయిని ఇంటరులో చేర్చుటకై చీటీ పాడి దాచిన సొమ్ము సరిగా అంతయే కలదు. ఆ సొమ్మును ముట్టుటకు ముందు రోగము తెలిసికొనవలెనని మేము పట్టుపట్టితిమి. వైద్యశాస్త్రమున మందుకంటె ముందు నిదానము చెప్పబడును గదా.

మొదటి సందేహము ఇంటర్నెట్టుపై. మా వీధికి ఫైబరు తీగ యింకను రాలేదు. మా వారి ఫోను హాట్‌స్పాటే మాకు ఆధారము. ఐనను ఇంటర్నెట్టు లోపమునకును యంత్రలోపమునకును లక్షణములు వేరని పరీక్షించినపుడు తెలిసినది. ఇంటర్నెట్టు చాలనప్పుడు మాటయు బొమ్మయు రెండును కలిసియే ఆగిపోవును, నడుమ నొక చక్రము తిరుగుచుండును, లేదా బొమ్మ మసకబారి అలుక్కుపోయినట్లుండును. యంత్రమునకు శక్తి చాలనప్పుడు మాట నిరాటంకముగ సాగుచునే యుండును, బొమ్మ మాత్రము దానిని అందుకొనలేక గంతులు వేయును. ఈ భేదము నొక్కదానిని జ్ఞాపకముంచుకొన్నచో సగము శ్రమ తప్పును. రూఢి పరచుకొనుటకు మేము హాట్‌స్పాటు పూర్తిగా తీసివేసి, లాప్‌టాపులోనే దాచియున్న మా మేనకోడలి పెండ్లి వీడియోను ఆడించితిమి. అదియు తడబడెను. తలంబ్రాలు గాలిలోనే నిలిచిపోయినవి. కావున సిగ్నలు నిర్దోషి.

రెండవ సందేహము దస్త్రమే చెడినదేమో యని. ఇదియే మమ్ము మిక్కిలి భయపెట్టినది. నాన్నగారి వీడియోను కేబులు ద్వారా మా వారి ఫోనులోనికి ఎక్కించి తెరచితిమి. అరుగు, దీపము, పుస్తకము, నాన్నగారు, అన్నియు చక్కగా కనబడినవి. దస్త్రము చెడలేదు, చూపించువాడు చెడినాడన్నమాట. ఆ క్షణముననే దానికి మరి రెండు ప్రతులు తీసి, ఒకటి పెన్‌డ్రైవున, ఒకటి మా తమ్మునివద్ద ఉంచితిమి. ఆ పని దుకాణమునకు పోకమునుపే చేయవలసినది. ఒక్కటే ప్రతిని పరుల చేతికిచ్చి పంపిన మా సాహసమునకు ఇప్పుడు తలంచుకొన్నను ఒడలు జలదరించును.

ఇక్కడ వీడియో యన నేమో కొంచెము చెప్పుకొనక తప్పదు. తెరపై బొమ్మ యనగా చుక్కల ముగ్గువంటిది. 1080 అని వ్యవహరింపబడు బొమ్మలో అడ్డముగ 1920, నిలువుగ 1080, మొత్తము 20,73,600 చుక్కలుండును. సెకనుకు 30 బొమ్మలు మారినచో 6 కోట్ల 22 లక్షల చుక్కలకు సెకను సెకనుకును రంగు నిర్ణయింపవలెను. వీనినన్నిటిని ఉన్నవి యున్నట్లు వ్రాసి యుంచినయెడల ఒక గంట వీడియోకు దాదాపు 670 జీబీల స్థలము పట్టును. దినమునకు ఒకటిన్నర జీబీతో కాలము గడుపు మనవంటివారి యింటికి అది చేరునా? అందుచేత దానిని సంక్షేపించి వ్రాసెదరు. అప్పుడప్పుడొక పూర్తి బొమ్మను వ్రాసి, తరువాతి వానిలో కదలిన భాగమును మాత్రము సూచించి విడిచెదరు. వ్యాకరణమున సూత్రము లెట్లో అట్లే. ముందు సూత్రమునందలి పదము తరువాతి సూత్రములలో అనువర్తించునని తెలిసినవానికి నాలుగక్షరములు చాలును. తెలియనివానికి గ్రంథమంత వ్యాఖ్య కావలెను.

ఈ సంక్షేపపద్ధతులనే కోడెక్కు లందురు. హెచ్ 264 అనునది 2003లో ఏర్పడినది. నేటికిని అన్నిటికంటె విస్తారముగ వాడుకలో నున్నది. హెచ్ 265 అనునది 2013లో వచ్చినది. అదే బొమ్మను సుమారు సగము స్థలములో ఇముడ్చును గాని విప్పుటకు ఎక్కువ శ్రమ. 2018లో వచ్చిన ఏవీ1 మరింత సంక్షిప్తము, మరింత శ్రమ. స్థలము కలిసివచ్చునని అనేక ఫోనులు ఇపుడు హెచ్ 265లో వ్రాయుచున్నవి. మా తమ్ముని ఫోను అట్లే వ్రాసినది. దానిని విప్పు సాధనము విండోసుతోబాటు ఉచితముగ రాకపోవచ్చును. మైక్రోసాఫ్టువారి స్టోరులో స్వల్పమైన రుసుము చెల్లించి తెచ్చుకొనవలెను. కొన్ని లాప్‌టాపులలో చేసినవారే దానిని ముందుగ నుంచి యిత్తురు. మా దానిలో అట్లే యుండి, తుడిచినపుడు పోయినది కాబోలు. గొంతు వినబడి బొమ్మ కనబడకపోవుటకు కారణమిదియే.

దీనికి మా మరిది ఉపాయము చెప్పెను. అతడు బెంగుళూరున ఉద్యోగము చేయుచున్నాడు. వీఎల్‌సీ యను ఉచిత సాధనమును దాని సొంత వెబ్‌సైటు నుండి దింపుకొమ్మనెను. రహదారి మరమ్మతు జరుగుచోట నిలుపు నారింజవన్నె శంకువు దాని గురుతు. ప్యారిసునందలి యొక ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు 1996లో ఆరంభించిన పని నుండి అది పుట్టినది. నానావిధములైన కోడెక్కులను విప్పు విద్య దానిలోనే యిమిడియున్నందున వేరుగ కొనవలసిన పని లేదు. వీఎల్‌సీలో నాన్నగారు కనబడిరి. కాని వారును గంతులే వేయుచుండిరి! పద్యము ముగిసి అర్థము మొదలైన పిమ్మట గాని పెదవులు పద్యమును చదువుట లేదు.

క్రొత్త విండోసు వేసిన తొలిదినములలో యంత్రము తన యింటిపనిలోనే తాను మునిగియుండును. దస్త్రములన్నిటికి పట్టిక వ్రాసికొనుట, సవరణలు దింపుకొనుట, ఒకదాని తరువాత నొకటి చేసికొనును. అట్టి సమయమున వీడియో తడబడుట వింత కాదు. ఛార్జరు పెట్టి ఒకటి రెండు రాత్రులు విడిచిపెట్టినచో సర్దుకొనును. మేము మూడు రాత్రులు విడిచిపెట్టితిమి. ఫలము కనబడలేదు.

అప్పుడు మా మరిది ఫోనులోనే మాచేత పరీక్ష చేయించెను. కంట్రోలు, షిఫ్టు, ఎస్కేప్ అను మూడు మీటలను ఒక్కసారి నొక్కినచో టాస్క్ మేనేజర్ తెరచుకొనును. దానిలో పెర్ఫార్మెన్స్ అను చోట యంత్రమునందలి ఏ భాగము ఎంత శ్రమపడుచున్నదో నూటికింత యని చూపును. వీడియో ఆడుచుండగా చూచితిమి. సీపీయూ నూటికి తొంబదియెనిమిది! జీపీయూ అను పేరు జాబితాలో లేనేలేదు.

ఈ రెంటి భేదము గృహిణులకు తెలియజెప్పుట సులభము. సీపీయూ యింటి యిల్లాలు. లెక్క, వంట, పెత్తనము, వచ్చిపోవువారి మర్యాద, అన్నియు తానే చేయును. జీపీయూ మూలనున్న గ్రైండరు. దానికి వచ్చినది ఒకటి రెండు పనులే కాని ఆ పనులలో దానికి సాటి లేదు. సంక్షేపించిన వీడియోను విప్పుటకే ప్రత్యేకముగ నిర్మించిన భాగము దానిలో కలదు. మా లాప్‌టాపులోనిది హెచ్ 264ను, హెచ్ 265ను కూడ అనాయాసముగ విప్పగలది. అట్టిది యింట నుండియు ప్లగ్గు పెట్టలేదు గనుక పిండియంతయు ఇల్లాలే రోట రుబ్బుచున్నది. చెమటలు పట్టక యేమగును? లాప్‌టాపు అడుగున వేడికి అరచేయి పెట్టలేకపోతిమి. ఫ్యాను విమానమువలె మ్రోగుచుండెను.

“వదినా! తెర వెలుతురు పెంచు మీటలు పనిచేయుచున్నవా?” అని మా మరిది యడిగెను.

పనిచేయుట లేదు. వారము దినములనుండియు లేదు. మీటలు అరిగిపోయినవని మేము సరిపెట్టుకొంటిమి. అక్షరములు లావెక్కి మసకగా కనబడుటను మా కన్నుల దోషమని తలంచి అద్దములు మార్పించుకొనవలెనని కూడ అనుకొంటిమి. టీవీకి తీగ తగిలించినను బొమ్మ పోకపోవుటను తీగపై మోపితిమి. ఇన్ని లక్షణములు కన్నులయెదుట నుండగా ఒక్కొక్కదానికి ఒక్కొక్క సాకు వెదకికొని, అన్నిటిని కలిపి చూడనైతిమి.

అతడు చెప్పినట్లు స్టార్టు గురుతుపై మౌసు కుడిమీట నొక్కి, డివైస్ మేనేజర్ తెరచి, డిస్ప్లే అడాప్టర్స్ అను వరుస విప్పి చూచితిమి. మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్ప్లే అడాప్టర్ అని యుండెను. ఉండవలసినది ఇంటెల్ పేరు. ఈ బేసిక్ అనునది అసలు డ్రైవరు దొరకువరకు తెరపై ఏదో యొకటి కనబడుటకు విండోసు నిలుపు తాత్కాలికపు మనిషి. పురోహితుడు వచ్చువరకు పీటపై కూర్చుండబెట్టిన పెద్దమనుష్యుని వంటివాడు. మర్యాద జరుగును గాని మంత్రము చెప్పలేడు. జీపీయూతో దాని భాషలో మాటాడి పని చేయించుటకు డ్రైవరు కావలెను. అది లేనందున వీడియో విప్పుటయు లేదు, వెలుతురు మార్చుటయు లేదు, రెండవ తెరయు లేదు. నాలుగు రోగములనుకొన్నవి యొక్కటే రోగము.

మరి ఇంటర్నెట్టు తగిలించినతోడనే విండోసు డ్రైవరును తానే వెదకి తెచ్చుకొనును గదా, ఎందుకు తెచ్చుకొనలేదని మా మరిది ఆశ్చర్యపడెను. ఈ ప్రశ్నకు ఉత్తరము మాకే తెలియును. చెప్పుటకు సిగ్గుపడితిమి గాని చెప్పక తప్పలేదు. దుకాణము నుండి తెచ్చిన తొలిదినమే సవరణల పేరున ఆ యంత్రము మా వారి ఫోనులోని దినభత్యమంతయు సాయంకాలము కాకమునుపే మ్రింగివేసెను. అమ్మాయి పాఠము ఆగిపోయెను. అందుపై మేము సెట్టింగులలో వెదకి వెదకి, ఈ హాట్‌స్పాటు మీటర్డ్ కనెక్షన్ అని గురుతు పెట్టితిమి. అనగా ఇది కొలత గల నీరు, పొదుపుగ వాడుమని యంత్రమునకు ఆజ్ఞ. అట్టి గురుతు గలచోట విండోసు సామాన్యముగ డ్రైవరులను దింపుకొనదు. అది మా యాజ్ఞ పాలించినది, అంతే. దుకాణమువారు డ్రైవరు చూచి పంపవలసినది నిజమే. కాని వారు వదలినదానిని యంత్రము తనంతట తాను సవరించుకొనబోవగా చేయి పట్టుకొని ఆపినవారము మేమే. మా వారు ఈ మాట విని నవ్వలేదు. అందుకు మేము వారికి కృతజ్ఞులము.

ఎదురింటి పిన్నిగారికి బ్రాడ్‌బ్యాండు కలదు. ఒక ఆదివారము మధ్యాహ్నము లాప్‌టాపు నెత్తుకొని వారింటికి పోతిమి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరచి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ లోపల ఆప్షనల్ అప్‌డేట్స్ అను చోట చూడగా ఇంటెల్ వారి డ్రైవరు అక్కడ మాకొరకు వేచియుండెను. కొన్ని వందల ఎంబీల బరువు. అది ఎక్కుచుండగా తెర రెండు మూడు మారులు నల్లబడి మరల వచ్చును. ఆ సమయమున కంగారుపడి పవరు మీట నొక్కరాదు. మాకు ముందుగ తెలిసియు గుండె ఝల్లుమన్నది. తరువాత యంత్రమునొకసారి ఆపి మరల తెరువగా, అక్షరములు సన్నబడి సూదిమొనలవలె నిలిచినవి. వెలుతురు మీట నొక్కితిమి, తగ్గెను. పిన్నిగారు, “ఇంతకూ అద్దాలు మార్పించవలసిన పని లేదన్నమాట” అనిరి.

విండోసులో అట్లు దొరకనివారు లాప్‌టాపు అడుగున అచ్చువేసిన మోడలు సంఖ్యను వ్రాసికొని, చేసిన సంస్థవారి సొంత వెబ్‌సైటులోనే డ్రైవరు వెదకికొనవలెను. డ్రైవరని వెదకినతోడనే “మీ డ్రైవరులన్నిటిని ఉచితముగ బాగుచేసెదము” అని ప్రకటనలతో ముందుకువచ్చు పరాయి సైటులు చాల కలవు. వానిని గడప త్రొక్కనీయరాదు. ఒకటి దింపిన మా పెదతల్లి కుమారుని లాప్‌టాపులో నెల దినములు ప్రకటనలే ఆడినవి. ఇంకొక మాట. పాత విండోసును తుడువకుండ దానిపైననే క్రొత్తది ఎక్కించుకొన్నవారికి నచ్చనిచో వెనుకకు మరలుటకు సామాన్యముగ పది దినములు గడువు కలదు. గడువు దాటకముందే అన్నియు పరీక్షించుకొనుట మంచిది. మావలె తుడిపించుకొన్నవారికి ఆ దారి లేదు.

డ్రైవరు వచ్చిన పిమ్మట పెండ్లి వీడియోలో తలంబ్రాలు చక్కగా క్రిందపడినవి. కాని అమ్మాయి యూట్యూబు పాఠములలో కొన్ని మాత్రము ఇంకను అప్పుడప్పుడు తడబడుచుండెను. ఈ రెండవ చిక్కును విప్పినది మా అమ్మాయియే. యూట్యూబు వీడియోపై మౌసు కుడిమీట నొక్కినచో వచ్చు జాబితా చివర స్టాట్స్ ఫర్ నెర్డ్స్ అని యొకటి కలదు. చదువుపిచ్చివారికి లెక్కలని దాని తాత్పర్యము. ఇంటి ఆడువారికి అక్కరకువచ్చు వస్తువునకు అట్టి పేరేల పెట్టిరో తెలియదు. అందు కోడెక్కు పేరును, ఎన్ని బొమ్మలు జారిపోయినవో ఆ లెక్కయు కనబడును. తడబడు పాఠములకు ఏవీ మొదలైన అక్షరములతో ఏవీ1 గురుతును, తడబడనివానికి వీపీ9 గురుతును ఉన్నట్లు అది కాగితముపై వ్రాసి తెచ్చి చూపెను. మా మరిదిని అడుగగా నిజమే యనెను. ఇంటెల్ వారు ఏవీ1ను విప్పు భాగమును 2020లో వచ్చిన పదునొకండవ తరమునుండి గాని చేర్చలేదు. మా యెనిమిదవ తరము గ్రైండరునకు ఆ పిండి రుబ్బుట రాదు. కావున ఆ పాఠములు వచ్చినపుడు మరల ఇల్లాలే రోటివద్దకు పోవలెను.

దానికి విరుగుడు బొమ్మ పరిమాణము తగ్గించుట. వీడియో క్రింద పండ్లచక్రము గురుతు నొక్కి, క్వాలిటీ యను చోట 1080నకు బదులు 720 ఎంచుకొంటిమి. 720లో చుక్కలు 9,21,600; సగముకంటె తక్కువ. అమ్మాయి మొదట ఒప్పుకొనలేదు, అక్షరములు మసకబారునని. కాని మా లాప్‌టాపు తెరకే అడ్డముగ 1366, నిలువుగ 768 చుక్కలకంటె లేవు! సోలెడు పాత్రలో తవ్వెడు పోసిన మిగిలినది పొరలిపోవలసినదే కదా. ఇన్నాళ్ళు తెర చూపలేని చుక్కలకొరకు యంత్రమును వేధించి, దినభత్యము కూడ వ్యర్థము చేసికొంటిమి. పాత లాప్‌టాపులు గల యిండ్లలో ఈ యొక్క మార్పే పెక్కుసారులు చాలును. తక్కినవన్నియు తరువాత.

క్రోము వాడువారు దాని సెట్టింగులలో సిస్టమ్ అను చోట గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ అను మీట తెరచి యున్నదో లేదో చూడవలెను. మూసియున్నచో డ్రైవరు ఎంత మంచిదైనను క్రోము దానిని పిలువదు. వీఎల్‌సీలో కూడ ఇట్టి మీట కలదు. ఒక్కొక్కప్పుడు డ్రైవరు సరిపడక, ఆ మీట తెరచినపుడే బొమ్మ పచ్చగా, చారలుగా పాడగుటయు కద్దు. అట్టివారు మూసి చూడవలెను. పవర్ మోడ్ అనునది పొదుపు వైపున నున్నదేమో కూడ చూచుకొనుడు. ఛార్జరు లేకుండ ఆడించునపుడు యంత్రము తనంతట తానే మందగించును. లాప్‌టాపును బొంతమీదను, దిండుమీదను ఉంచినచో అడుగున గాలిద్వారములు మూసికొనిపోయి వేడెక్కి వేగము తగ్గించుకొనును. మా దానిని విప్పించి ఫ్యాను శుభ్రము చేయింపగా ఆరేండ్ల దుమ్ము దూదిపింజవలె వెలువడినది. దానికి మూడువందల రూపాయలు. చీటీ సొమ్ము అట్లే యున్నది.

దుకాణములకు పోవు సోదరీమణులు, పని ముగిసినదనగానే సొమ్మిచ్చి వచ్చివేయక, అక్కడనే డివైస్ మేనేజరు తెరిపించి చూడుడు. పసుపుపచ్చని ఆశ్చర్యార్థకము గాని, బేసిక్ అను పేరు గాని కనబడినచో, “ఇది యేమిటి బాబూ?” అని యడుగుడు. తెలియనివారివలె అడిగినను చాలును. మేము రెండవమారు పోయినపుడు అట్లే యడిగితిమి. ఆ కుఱ్ఱవాడు మమ్మును, తెరను మార్చి మార్చి చూచి, “మాష్టారు నేర్పినారా అమ్మా?” అనెను. కాదు, మా అమ్మాయి నేర్పినదంటిమి.

ఆబ్దికమునాడు భోజనములైన పిమ్మట, బంధువులందరు వసారాలో కూర్చుండగా, లాప్‌టాపును హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి తగిలించితిమి. మా తమ్ముడు తీసినది 4కే వీడియో. అనగా 1080నకు నాలుగింతలు, 82 లక్షల 94 వేల చుక్కలు. మేము దానివైపు చూడక టాస్క్ మేనేజరువైపు చూచుచుంటిమి. సీపీయూ నూటికి పదునెనిమిది. జీపీయూ వరుసలో వీడియో డీకోడ్ అను చోట నీలిగీత పైకిలేచి సమముగ సాగుచుండెను. దానిని మూసివేసి తల యెత్తితిమి.

నాన్నగారు పద్యము చదువుచుండిరి. పెదవియు పలుకును కలిసియున్నవి. ప్రక్కనున్న దీపము గాలికి రెపరెపలాడుటయు, తాళపత్రమువలె పచ్చబడిన ఆ పుస్తకమున పుట మరల్చుటకు వారు వ్రేలు తడిచేసికొనుటయు స్పష్టముగ కనబడినవి. మా అమ్మ కుర్చీ ముందుకు జరుపుకొని, తెరకు మూరెడు దూరమున కూర్చుండి, వీడియో ముగియువరకు ఏమియు మాటాడలేదు. ముగిసిన పిమ్మట, “ఆ పుట తిప్పినచోటు మరల నొకమారు పెట్టవే” అనెను.